అప్‌డేట్: ఆయన ఫోన్ చూడటం గురించి అడిగాను కదా

మా ఆయనకి కొలీగ్ మెసేజ్ వస్తే చాలు, ఆయన పడుకున్నాక ఆ ఫోన్ తీసి చూస్తున్నానని పోయిన నెల రాశాను. మీరు చెప్పినట్టే మాట్లాడాను. ఆదివారం నాగావళి వంతెన దగ్గర బండి ఆపించి అంతా చెప్పేశాను. చేతులు వణికిపోయాయి. "నన్నే అడగొచ్చు కదా" అన్నారంతే. ఏడుపాగలేదు.

కౌన్సెలర్‌ని కూడా కలిశాను. చిన్నప్పుడు నాన్న వలస వెళ్లి నెలల తరబడి కబురు ఉండేది కాదు. ఆ భయమే ఇప్పుడిలా వస్తోందేమో అన్నారు. చిన్ననాటి అనుబంధాల తీరు ప్రేమలోనూ కనిపిస్తుందని 1987లోనే హేజన్, షేవర్ అనే సైకాలజిస్టులు రాశారట. ఫోన్ చూస్తే కాసేపు టెన్షన్ తగ్గుతుంది, అందుకే మళ్లీ చూడాలనిపిస్తుంది. ఈ ముక్క నాకు బాగా తగిలింది.

పన్నెండు రోజులైంది, ముట్టుకోలేదు. నిన్న రాత్రి మెసేజ్ టింగుమంది. అటు తిరిగి పడుకున్నాను. నిద్ర మాత్రం ఆలస్యంగా పట్టింది.