36 ఏళ్లకి ఎల్‌ఎల్‌బీ: తిరుపతిలో షిఫ్ట్ డ్యూటీ చేస్తూ చదవగలమా?

రేణిగుంట షిఫ్ట్:
అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్లు. బీకాం 2010లో 49 శాతంతో పాసయ్యాను. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని, వారానికోసారి షిఫ్టు మారుతుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయాలని చాలా రోజులుగా మనసులో ఉంది. నాలుగు డౌట్లు. వయసు అడ్డమా? అటెండెన్స్ ఎలా మేనేజ్ చేస్తున్నారు? పరీక్ష తెలుగులో రాయొచ్చా? (నాది టెన్త్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ ఏదో అలా గట్టెక్కింది.) ఫీజు మొత్తం మీద ఎంతవుతుంది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నల్లకోటు 22:
22 ఏళ్ల ప్రాక్టీసుతో చెప్తున్నా, విను తమ్ముడూ. 30 దాటితే సీటు రాదు, బార్ కౌన్సిల్ రూలు ఉంది. రెండోది, తెలుగులో రాసి లాయర్ అవుదామనే ఆలోచన మానుకో. తెలుగులో పాసైనవాళ్లని చాలామందిని చూశా, ఒక్క ప్లెయింట్ (దావా కాగితం) సొంతంగా డ్రాఫ్ట్ చేయలేరు. జీవితాంతం సీనియర్ ఆఫీసులో వాయిదాలు రాసుకుంటూ కూర్చుంటారు.

పుత్తూరు పాప:
సార్, 30 ఏళ్ల రూలు 2008లో పెట్టిన మాట నిజమే, తర్వాత దాని మీద పెద్ద గొడవే నడిచింది. ఇప్పుడు లాసెట్‌కి (లా ఎంట్రన్స్ పరీక్ష) పై వయసు పరిమితి లేదు. మా క్లాసులో 58 ఏళ్ల రిటైర్డ్ టీచర్ గారు ఉన్నారు, ఇంటర్నల్స్‌లో ఆయనే ఫస్టు. రేణిగుంట అన్నా, మీకు 45 శాతం దాటింది కాబట్టి అర్హత ఉంది. ముందు లాసెట్ రాయండి. 120 ప్రశ్నలు, గంటన్నర, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్‌కి 42 వస్తే క్వాలిఫై. పేపరు తెలుగులో కూడా ఉంటుంది. సగం మార్కులు లా ఆప్టిట్యూడ్‌వే, అంటే 60, అది వదిలేసి జీకే పుస్తకాలు బట్టీ పట్టకండి. నేను ఆ తప్పు చేసే ఒక ఏడాది పోగొట్టుకున్నా.

బ్యాక్‌లాగ్ బాబు:
అటెండెన్స్ గురించి నన్ను అడుగు అన్నా, బాగా కాలినవాణ్ణి. రూలు ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం ఉండాలి. నేను జాయిన్ అయిన కాలేజీలో (పేరు వద్దులే) మొదటి రోజే ఒకాయన "మీరు రావక్కర్లేదు, పరీక్షలకి కనిపిస్తే చాలు" అన్నాడు. ఎంత సంబరపడ్డానో! రెండో సెమిస్టర్ హాల్ టికెట్ దగ్గర పట్టుకున్నారు. కాండోనేషన్ (అటెండెన్స్ తక్కువైతే కట్టే ఫీజు) అని కట్టించుకున్నారు, తర్వాత ఇంకేదో ఫైన్ అని కట్టించుకున్నారు, అయినా ఒక సబ్జెక్టుకి హాల్ టికెట్ ఆపేశారు. రావక్కర్లేదన్నాయన అప్పటికే వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. నోటిమాట నమ్మొద్దు, రాయించుకో అని కాంట్రాక్ట్స్‌లో చదువుకునే లోపే నాకు ప్రాక్టికల్ అయిపోయింది.

గాంధీరోడ్ గుమాస్తా:
ఇలాంటివాళ్ల వల్లే వృత్తి నాశనమవుతోంది. మూడేళ్లు కాలేజీ గడప తొక్కకుండా డిగ్రీ తెచ్చుకుని కోర్టుకొచ్చి వకాల్తా ఏ పక్క పూరించాలో మమ్మల్ని అడుగుతారు. నేను వకీలు గుమాస్తాని, లా చదవలేదు. కానీ కోర్టు ఫీజు లెక్క, చలానా, కాపీ అప్లికేషన్ ఇవన్నీ కొత్త లాయర్లకి నేర్పిస్తున్నది నేనే.

బ్యాక్‌లాగ్ బాబు:
నేను వెళ్లనని చెప్పానా? మా నాన్న టీ కొట్టు పొద్దున నేనే తెరవాలి. నువ్వు వచ్చి తెరుస్తావా పెద్దాయనా?

తిరుచానూరు తీరిక:
గొడవ ఎందుకప్పా. బార్ కౌన్సిల్ రూల్స్‌లో క్లాసులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపు పెట్టుకోవచ్చని ఉంది, కానీ చాలా కాలేజీలు పది నుంచి రెండు దాకానే పెడతాయి, లెక్చరర్లకి అది వీలు. షిఫ్టు డ్యూటీ వాళ్లకి నైట్ షిఫ్టు వారం కలిసొస్తుంది, నిద్ర మాత్రం గోవిందా. ఇంకో సంగతి, వయసు గురించి బెంగపడకు. మా ఊళ్లో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ గారు మొదట లెక్కల మాస్టారు, తర్వాతే వకీలు. 1956లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు.

నల్లకోటు 22:
అయ్యంగార్ గారు తెలుగు మీడియంలో చదివారా? మెడ్రాసులో ఇంగ్లిష్‌లో చదివారు. నా పాయింటే బలపడింది.

పీలేరు ప్లీడర్:
సీనియర్ గారికి నమస్కారాలు. నేను తెలుగులోనే రాసి పాసయ్యాను, నాలుగేళ్ల నుంచి ప్రాక్టీసులో ఉన్నా. కింది కోర్టులో సాక్షి ఇంగ్లిష్‌లో మాట్లాడతాడా సార్? పోయిన ఏడాది ఒక గట్టు తగాదాలో అవతలి పక్క లాయరు సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నాడు, పెద్ద సిటీలో ఐదేళ్ల కోర్సు చదివొచ్చిన కుర్రాడు. సాక్షి డెబ్బై ఏళ్ల రైతు, "గెనిమ మీద నిలబడి అరిసినాడు సార్" అన్నాడు. కుర్రాడు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "ఈ గెనిమ అనే ఆవిడకీ మీకూ బంధుత్వం ఏమిటి?" అన్నాడు. బెంచి క్లర్కు తల దించేసుకున్నాడు. జడ్జి గారే నవ్వాపుకుని, గెనిమ అంటే పొలం గట్టు బాబూ అని చెప్పాల్సి వచ్చింది. ముసలాయన అప్పటిదాకా భయంభయంగా ఉన్నాడు, ఆ తర్వాత నిటారుగా నిలబడి జవాబులిచ్చాడు. ఆ క్రాస్ అక్కడితో పోయింది.

నల్లకోటు 22:
కథలు బాగున్నాయి. హైకోర్టుకి అప్పీలు వెళ్తే అక్కడ గెనిమ అని రాస్తావా?

పీలేరు ప్లీడర్:
హైకోర్టు భాష ఇంగ్లిషే, రాజ్యాంగం 348 అధికరణం. ఎవరు కాదన్నారు? కానీ ఈ అన్న అడిగింది పరీక్ష సంగతి. డిగ్రీ అయ్యాక రాసే ఏఐబీఈ (బార్ కౌన్సిల్ పరీక్ష) కూడా తెలుగులో రాయొచ్చు. 100 ప్రశ్నలు, జనరల్‌కి 45 రావాలి, నోట్స్ లేని బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం) లోపలికి తీసుకెళ్లనిస్తారు. బేర్ యాక్ట్‌లో ఏది ఎక్కడుందో తెలియనివాడు ఇంగ్లిష్‌లో రాసినా పోతాడు.

నల్లకోటు 22:
నువ్వు పుట్టకముందే నేను సెక్షన్ 302 హత్య కేసులు వాదించా.

పుత్తూరు పాప:
22 ఏళ్ల ప్రాక్టీసు అన్నారు, పీలేరు అన్నకి అంతకంటే తక్కువ వయసా సార్? 😀 పైగా ఐపీసీ 302 ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో (భారతీయ న్యాయ సంహిత) 103.

నల్లకోటు 22:
2024 జులై 1 కంటే ముందు జరిగిన నేరాలకి ఐపీసీయేనమ్మా. నా ఫైళ్లు ఇంకో పదేళ్లు 302తోనే నడుస్తాయి. ఆ మాట మీ లెక్చరర్ చెప్పలేదా?

పుత్తూరు పాప:
అది కరెక్టే, ఒప్పుకుంటున్నా. మా బ్యాచ్ బాధ వేరే. మొదటి సెమిస్టర్‌లో మాతో ఐపీసీ 511 సెక్షన్లు చదివించి, తర్వాత బీఎన్‌ఎస్ 358 అన్నారు. 420 అంటే ఊరందరికీ తెలుసు, ఇప్పుడు 318 సబ్‌సెక్షన్ 4 అని తిడితే ఎవరికైనా అర్థమవుతుందా?

మదనపల్లె మామిడి:
లాయర్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా నాన్న 2006లో రెండెకరాల డీకేటీ పట్టా భూమి స్టాంపు పేపరు మీద కొన్నాడు. ఇప్పుడు మామిడి చెట్లు కాపుకొచ్చాయి. అమ్మినాయన కొడుకులు వచ్చి మాదే అంటున్నారు. రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా?

గాంధీరోడ్ గుమాస్తా:
అప్పా, డీకేటీ అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం మీ నాన్న కొన్ననాటికి దాన్ని కొనడం అమ్మడం చెల్లదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22-ఏ లిస్టు చూసుకో, సర్వే నంబరు అందులో ఉంటే కాగితం లోపలికే తీసుకోరు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇంటికొక డీకేటీ తగాదా ఉంది. అసలు పట్టా ఎప్పుడిచ్చిందో, ఏ షరతు మీద ఇచ్చిందో కాగితం పట్టుకుని ఎవరైనా లాయరు దగ్గరికి వెళ్లు, ఇక్కడ కాదు.

కోర్టు పక్షి:
ఆస్తుల మాట వచ్చింది కాబట్టి, నేను లా చదవడానికి కారణం అదే. మా అమ్మకి పెళ్లయింది 1984లో. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు, ఆ తేదీకి పెళ్లికాని వాళ్లకే. ఒక్క ఏడాదిలో పోయిందే అని తాతగారింట్లో ఎవరో ఒకరు అంటూనే ఉండేవాళ్లు, ఆ అనడంలో జాలి ఎంతో సంతోషం ఎంతో నాకు చిన్నప్పుడే తెలిసేది. 2005 కేంద్ర సవరణలో పెళ్లయిందా లేదా అనే అడ్డే లేదని ఫ్యామిలీ లా క్లాసులో విన్న రోజు నేను నోట్స్ రాసుకోవడం ఆపేశా. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తండ్రి 2005 నాటికి బతికుండక్కర్లేదని కూడా తేల్చింది. ఇంటికెళ్లి చెప్తే అమ్మ, "అన్నదమ్ముల మీద కోర్టుకెక్కమంటావా" అని పప్పులో తాలింపు వేసింది. కేసు వేయలేదు. నేను మాత్రం ఆ పేపర్లో 78 తెచ్చుకున్నా.

బ్యాక్‌లాగ్ బాబు:
78? లాలో 78 ఎలా తెచ్చుకున్నారు అక్కా? నేను పేజీలు పేజీలు రాసినా 43 వేస్తున్నారు.

కోర్టు పక్షి:
పేజీలు చూసి వేయరు బాబూ. మైనర్‌తో ఒప్పందం అని అడిగితే మొదటి వాక్యంలోనే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11, రెండో వాక్యంలో 1903 నాటి మొహరీ బీబీ కేసు, దాని కింద గీత. ఆ తర్వాత ఆ కేసులో ఏం జరిగిందో కథలా రాయి. నువ్వు రాజ్యాంగ పీఠికతో మొదలుపెడుతున్నావేమో.

బ్యాక్‌లాగ్ బాబు:
అన్నిటికీ పీఠికతోనే మొదలుపెడతా 🙏

రేణిగుంట షిఫ్ట్:
అన్నలూ అక్కలూ, చాలా థ్యాంక్స్. ఫీజు సంగతి ఎవరూ చెప్పలేదే?

తిరుచానూరు తీరిక:
750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకి 125. అంతకంటే ఎక్కువ తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పు.

పుత్తూరు పాప:
అది చదువు అయ్యాక బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు. ఆయన అడిగేది కాలేజీ ఫీజు.

నల్లకోటు 22:
ఫీజు సంగతి తర్వాత. అసలు ఉద్యోగం వదులుతావా లేదా? ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయకూడదు. పోనీ జడ్జి పరీక్ష రాద్దామంటే 2025 మే తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేశారు. లెక్క వేసుకో, కోర్సు మూడేళ్లు, ప్రాక్టీసు మూడేళ్లు. అసలెందుకు చదువుతున్నావు?

రేణిగుంట షిఫ్ట్:
ప్రాక్టీసు కోసం కాదు సార్. మాకు చంద్రగిరి దగ్గర దారి తగాదా, 11 ఏళ్లుగా నడుస్తోంది. వాయిదాకి నాన్నతో నేనే వెళ్తా. మా లాయరు, అవతలి లాయరు, జడ్జి గారు రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో ఏదో మాట్లాడుకుంటారు, మమ్మల్ని వెళ్లమంటారు. మెట్లు దిగుతూ నాన్న ప్రతిసారీ "ఏమంటా?" అని అడుగుతాడు. నేను "వాయిదా వేశారంట" అంటా. అంతకుమించి నాకూ తెలీదు.

నల్లకోటు 22:
కేసు నంబరు తెలుసా? ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టు, ప్రతి వాయిదాకీ ఏం జరిగిందో ఒక లైను ఉంటుంది. దానికి ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అర్థం కాకపోతే నాకు మెసేజ్ పెట్టు. తెలుగులో పెట్టినా పర్లేదు.

పీలేరు ప్లీడర్:
😀😀

మదనపల్లె మామిడి:
నా డీకేటీ సంగతి కూడా కాస్త చూడండి సార్.

పుత్తూరు పాప:
రేణిగుంట అన్నా, మా సీనియర్లు ఇచ్చిన ఫస్టియర్ పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి, కాంట్రాక్ట్స్, టార్ట్స్, ఫ్యామిలీ లా, అన్నీ తెలుగువే. ఆదివారం బాలాజీ కాలనీ వైపు వస్తే తీసుకెళ్లండి. ఐపీసీ పుస్తకం కూడా ఉంది, అది మాత్రం తూకానికే.

నల్లకోటు 22:
ఐపీసీ పారేయకండి. నాకు కావాలి.