సంక్రాంతి టోర్నీకి చాంపియన్స్ లీగ్ లాగా పాట్లు పెట్టి డ్రా తీయొచ్చా? 16 టీములు, ఒకటే గ్రౌండ్

కంచరపాలెం సెవెన్స్:

అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో మా ఏరియాలో సెవెన్స్, అంటే ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్ టోర్నీ పెడుతున్నాం. 16 టీములు, రెండు వారాంతాలు, అంటే నాలుగు రోజులు. పోయినేడాది డ్రా మీద పెద్ద గొడవైంది, అది మళ్లీ జరక్కూడదనే ఇంత ముందుగా అడుగుతున్నా.

పోయినసారి సీడింగ్ (బలాన్ని బట్టి టీములకి ముందే వరస ఇవ్వడం) ఏమీ పెట్టుకోలేదు. 16 చీటీలు రాసి స్టీలు చెంబులో వేసి, మా వీధిలో ఒక చిన్న పాప చేత తీయించాం. నాకౌటే కాబట్టి ఓడితే ఇంటికే. తీరా చూస్తే మొదటి రోజు మొదటి మ్యాచ్‌కే మల్కాపురం, జాలారిపేట పడ్డాయి. కప్పు ఆ రెండింట్లో ఒకదానిదే అని అందరూ అనుకుంటున్న టీములు, అందులో జాలారిపేట అక్కడే ఓడి ఇంటికెళ్లింది. ఆ మ్యాచ్‌కి ప్రహరీ గోడల మీద కూడా జనమే, ఫైనల్‌కి మాత్రం సెకండాఫ్ మొదలవగానే సగం మంది లేచి వెళ్లిపోయారు.

దానికి తోడు ఇంకొకటి. చీటీలు రాస్తుంటే నోట్‌బుక్ కాగితాలు అయిపోయి, ఒక్క టీము పేరు మాత్రం గోడకున్న పాత క్యాలెండర్ చింపి రాశాం. అది మందం కాగితం. సరిగ్గా ఆ టీముకే ఈజీ మ్యాచ్ పడింది. ఇంకేముంది, చేతికి మందంగా తగిలేలా కావాలనే అలా చేశారని, పాపకి ముందే చెప్పి పెట్టారని మాటలు. ఆ పాప వాళ్ల నాన్న ఆ రోజు చెయ్యి పట్టుకుని పిల్లని తీసుకెళ్లిపోయాడు, మళ్లీ గ్రౌండ్ వైపు రాలేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

అందుకని ఈసారి యూరప్ క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్ పద్ధతి పెట్టేద్దామనుకుంటున్నా. నాలుగు పాట్లు (బలాన్ని బట్టి టీముల్ని విడదీసి వేసే నాలుగు గిన్నెలు), ఒక్కో పాట్ నుంచి ఒక ప్రత్యర్థి, ఒక్కో టీముకి నాలుగు మ్యాచ్‌లు, అందరికీ కలిపి ఒకటే పెద్ద పాయింట్ల టేబుల్. కానీ నాకే ఒక డౌట్ తీరలేదు. నేను లివర్‌పూల్ ఫ్యాన్‌ని. 2024-25లో 36 టీముల్లో మొదటి స్థానంలో నిలిచాం. ప్రీక్వార్టర్స్‌లో పడింది ఎవరు? పారిస్ క్లబ్ పీఎస్‌జీ. మార్చి 12 తెల్లవారుజామున ఒకటిన్నరకి మొదలైన మ్యాచ్, పెనాల్టీలు అయ్యేసరికి నాలుగు దాటింది. వాళ్ల గోలీ డొన్నరుమ్మా రెండు ఆపేశాడు, మేం ఔట్. ఆ పీఎస్‌జీయే కప్పు కొట్టింది. ఫస్ట్ వచ్చిన టీముకి కప్పు కొట్టే టీముని తెచ్చి ఎదురుగా పెడితే ఇంక సీడింగ్ ఎందుకు? ఇదే మా టోర్నీలో జరిగితే ఏం సమాధానం చెప్పాలి?

ఎంవీపీ లెఫ్ట్ బ్యాక్:

ముందు లివర్‌పూల్ సంగతే మాట్లాడదాం తమ్ముడూ, నీ టోర్నీకి కావాల్సింది కూడా అందులోనే ఉంది.

బలమైన టీముకి ఈజీ మ్యాచ్ ఇప్పిస్తామని సీడింగ్ ఎక్కడా మాటివ్వదు. బలమైనవి అని మనం ముందు అనుకున్న టీములు తొందరగా ఒకదాన్నొకటి కొట్టుకోకుండా చూస్తుంది, దాని పని అంతవరకే. చాంపియన్స్ లీగ్ కొత్త పద్ధతిలో మొదటి 8 టీములు నేరుగా ప్రీక్వార్టర్స్‌కి, 9 నుంచి 24 దాకా ప్లేఆఫ్‌కి, మిగతావి ఇంటికి. మొదటి రెండు స్థానాల వాళ్లకి 15 నుంచి 18 స్థానాల్లోంచి ప్లేఆఫ్ గెలిచొచ్చిన రెండు టీములు పడతాయి. ఆ ఏడాది వరసగా పీఎస్‌జీ, బెన్ఫికా, మొనాకో, బ్రెస్ట్. పీఎస్‌జీ బ్రెస్ట్‌ని రెండు మ్యాచ్‌లూ కలిపి 10-0తో చితక్కొట్టింది, బెన్ఫికా మొనాకోని దాటింది. ఇంక లివర్‌పూల్, బార్సిలోనాలకి మిగిలింది ఆ రెండే. బార్సిలోనాకి బెన్ఫికా వచ్చింది, మీకు పీఎస్‌జీ వచ్చింది. అక్కడ లాటరీ అంటే ఆ ఒక్క చీటీయే, మిగతాదంతా టేబుల్ ప్రకారమే జరిగింది.

మరి అంత టీము 15లో ఏం చేస్తోంది? అదీ అసలు ప్రశ్న. పాట్ 1లో ఉన్నా వాళ్లకి పడినవి చూడు: మాంచెస్టర్ సిటీ, బయర్న్, ఆర్సెనల్, అట్లెటికో. అందులో బయర్న్, ఆర్సెనల్, అట్లెటికోల చేతిలో ఓడిపోయారు. జనవరికల్లా టీము కుదురుకుంది, కానీ టేబుల్లో శరదృతువు పాయింట్లు అలాగే ఉండిపోతాయి కదా. అదే టేబుల్ రియల్ మాడ్రిడ్‌ని 11లో, సిటీని 22లో పెట్టి ఇద్దరినీ ప్లేఆఫ్‌లోనే కొట్టుకునేలా చేసింది.

పాట్లదీ ఇదే కథ. అక్కడ గత ఐదు సీజన్ల యూరోపియన్ పాయింట్లు కలిపి క్లబ్బులకి ర్యాంకులిస్తారు, డిఫెండింగ్ చాంపియన్ మాత్రం ర్యాంకుతో పని లేకుండా పాట్ 1లో మొదట ఉంటుంది. దాంతో 2024-25లో లైప్‌జిగ్ పాట్ 1లో కూర్చుని 32వ స్థానంలో తేలింది, పాట్ 4లో పడేసిన ఆస్టన్ విల్లా 8వ స్థానంలో నిలిచింది. 2025-26లో అయితే ఇటలీ చాంపియన్ నపోలీ పాట్ 3. పాత లెక్క పాతదే చెప్తుంది, ఇవాళ ఎవరు బాగా ఆడుతున్నారో దానికి తెలీదు. నువ్వు పోయినేడాది రిజల్ట్ ఒక్కటే చూసి పాట్లు చేస్తే జాలారిపేట మొదటి రౌండ్లో ఓడింది కాబట్టి అడుగు పాట్‌లోకి పోతుంది. నీ పాత తప్పే సీడింగ్ పేరుతో మళ్లీ వస్తుంది. కనీసం మూడేళ్ల స్కోర్లుంటే బయటికి తియ్యి.

గాజువాక రిఫరీ:

పైన చెప్పింది మొత్తం కరెక్టు. కానీ ఆ ఒక్క పెద్ద టేబుల్ పద్ధతి మాత్రం మీకు వద్దు బాబూ. ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల గ్రౌండ్లలో విజిల్ ఊదుతున్నాను, ఎక్కడ గొడవ మొదలవుతుందో నాకు తెలుసు.

లెక్క చూడండి. 16 టీములు, తలా నాలుగు మ్యాచ్‌లంటే 32. నాలుగేసి టీముల నాలుగు గ్రూపులు పెడితే 24. రెండింటికీ తర్వాత క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ కలిపి ఇంకో 7. అంటే 39, లేదా 31. హాఫ్‌కి 15 నిమిషాలు పెట్టి, బ్రేకూ టీములు మారే టైమూ కలుపుకుంటే ఒక్కో మ్యాచ్‌కి ముప్పావు గంట. 31 అయితే రోజుకి 8, ఆరు గంటల పని. 39 అయితే రోజుకి 10, ఏడున్నర గంటలు, దానికి భోజనాలు కలపండి. జనవరిలో అయిదున్నర దాటితే బంతి కనపడదు, మీకు లైట్లు లేవు.

టైం సర్దుకుంటారనుకున్నా, అసలు చిక్కు వేరే ఉంది. ఒకే టేబుల్లో ఇద్దరికి ఏడేసి పాయింట్లొస్తాయి, కానీ ఇద్దరూ ఆడిన టీములు వేరు. "వాడికి పడినవన్నీ మెత్తటి టీములు" అని మొదలవుతుంది, దానికి మీ దగ్గర సమాధానం ఉండదు. గ్రూపులో అందరూ అందరితో ఆడతారు, గెలిచినవాడు గెలిచాడు, ఓడినవాడు ఓడాడు. 36 క్లబ్బులకి, 144 మ్యాచ్‌లకి వాళ్ల పద్ధతి వాళ్లకి బాగుంటుంది. ఆ డ్రా వాళ్లే చేత్తో తీయలేక కంప్యూటర్ పెట్టుకున్నారు. బంతులు తీసి క్లబ్ పేరు చదవడం వరకే స్టేజి మీద మనుషుల పని, ప్రత్యర్థులెవరో సాఫ్ట్‌వేరే చెప్తుంది.

పెందుర్తి గోలీ:

నేను ఇంకో వైపు నుంచి చెప్తా, మాది ఎప్పుడూ అడుగు పాట్ టీమే. సీడింగ్ అనగానే అందరూ పెద్ద టీముల గురించే మాట్లాడతారు, కానీ మాలాంటి వాళ్లకి పెద్ద టీము పడడమే పండగ.

2025 ఆగస్టులో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ చాంపియన్స్ లీగ్ టూ డ్రా తీస్తే ఎఫ్‌సీ గోవాకి రొనాల్డో టీము అల్ నస్ర్ పడింది. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో రాత్రి దాకా అదే గోల, రొనాల్డో ఇండియా వస్తాడని. రాలేదనుకోండి. అయినా అక్టోబర్లో గోవాలోని ఫతోర్డా గ్రౌండ్‌లో గోవా 2-1తోనే ఓడింది, మన బ్రైసన్ ఫెర్నాండెజ్ గోల్ కొట్టాడు, ఆ గోల్ చూసి నేను ఇంట్లో అరిచిన అరుపుకి మా అమ్మ లేచొచ్చింది. ఈజీ గ్రూపు పడి ఉంటే ఆ రాత్రి మాకు ఉండేది కాదు.

అందుకని అన్నా, సీడింగ్ పెట్టు కానీ మరీ ఎక్కువ పెట్టకు. నాలుగు పాట్లుంటే ప్రతి గ్రూపులో ఒక పెద్ద టీము ఎలాగూ ఉంటుంది, మాకు కావాల్సిందీ అదే. పెద్దవాళ్లని విడిగా దాచిపెట్టి సెమీస్ నుంచి దింపడం లాంటివి మాత్రం చేయకు.

కంచరపాలెం సెవెన్స్:

గ్రూపులకే ఫిక్స్ అవుతున్నా, రిఫరీ గారి లెక్క చూశాక ఇంక మాట్లాడేదేముంది. మూడేళ్ల స్కోర్లు ఉన్నాయి, మా స్కోరర్ దగ్గర ఒక పొడవాటి అకౌంట్ల పుస్తకం ఉంది, అందులో ప్రతి మ్యాచ్ రాసి పెట్టాడు. గెలుపుకి 2, డ్రాకి 1 వేసి రాత్రి కూర్చుని కూడితే మల్కాపురం మొదట, జాలారిపేట మూడు. మనసు కాస్త కుదుటపడింది.

ఇంకో ప్రశ్న. మా కంచరపాలెం నుంచే రెండు టీములున్నాయి, ఒకటి పాట్ 1, ఒకటి పాట్ 3. ఆ రెండూ ఒకే గ్రూపులో పడకూడదు, పడితే ఒకళ్లు ఇంకొకళ్లకి మ్యాచ్ వదిలేశారంటారు. చేత్తో తీసేటప్పుడు ఇది ఎలా చూసుకోవాలి?

గాజువాక రిఫరీ:

మంచి ప్రశ్న అడిగారు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చాంపియన్స్ లీగ్‌లోనూ లీగ్ ఫేజ్‌లో, అంటే ఆ పెద్ద టేబుల్ దశలో, ఒకే దేశం క్లబ్బులు తలపడవు. ప్లేఆఫ్ నుంచి ఆ అడ్డు లేదు, అందుకే రెండూ ఫ్రాన్స్‌వే అయినా పీఎస్‌జీకి బ్రెస్ట్ పడింది.

పాట్ 3 లో మూడు చీటీలు తీసేశారు, నాలుగోది మీ రెండో టీము, మిగిలిన గ్రూపు మీ మొదటి టీముదే అనుకోండి. ఇరుక్కుపోయారు. అప్పుడు మార్చితే "మాకు నచ్చలేదని మార్చారు" అంటారు. అందుకని పాట్ 3 తీసేముందే అందరికీ చెప్పి, మీ రెండో టీముని మొదట వేయండి. మీ మొదటి టీము లేని మూడు గ్రూపుల పేర్లు మూడు చీటీలు రాసి, అందులోంచి ఒకటి తీయండి. తర్వాత మిగతా మూడు టీములు మామూలుగా.

ఇది చిన్న విషయం అనుకోకండి. చాంపియన్స్ లీగ్‌లో ఇంకా గ్రూపులున్నప్పుడు, 2021 డిసెంబర్ 13న ప్రీక్వార్టర్స్ డ్రా మొత్తం రద్దు చేసి అదే రోజు మళ్లీ తీశారు. విల్లారియల్‌కి మాంచెస్టర్ యునైటెడ్ బంతి వచ్చింది, కానీ ఆ రెండూ అప్పటికే ఒకే గ్రూపులో ఆడినవి, పడకూడదు. సరే అని పక్కన పెట్టారు. తర్వాత అట్లెటికోకి తీసేటప్పుడు యునైటెడ్ బంతిని గిన్నెలో వేయడం మర్చిపోయారు, అట్లెటికో గ్రూపులోనే ఆడిన లివర్‌పూల్‌ని వేశారు. మళ్లీ తీస్తే రియల్ మాడ్రిడ్‌కి బెన్ఫికా పోయి పీఎస్‌జీ వచ్చింది. వాళ్ల కడుపు మంట ఎంతుంటుందో ఆలోచించండి, ఏ తప్పూ చేయకుండా ప్రత్యర్థి మారిపోయింది. రియల్ ఫార్వర్డ్ బెంజెమా పీఎస్‌జీ మీద హ్యాట్రిక్ కొట్టి గట్టెక్కించాడు, ఆ ఏడాది కప్పు కూడా వాళ్లదే. అలా కాకపోయుంటే ఈపాటికి కూడా ఆ గిన్నె గురించే మాట్లాడుకునేవాళ్లు.

ఎంవీపీ లెఫ్ట్ బ్యాక్:

చీటీల మందం గురించి ఎవరూ చెప్పలేదు. అది పాత అనుమానమే తమ్ముడూ, నీ ఒక్కడిదే కాదు. యూరప్ డ్రాల్లో బంతుల్ని ముందుగా చల్లబరిచి చేత్తో గుర్తుపట్టేవారని ఫిఫా మాజీ అధ్యక్షుడు సెప్ బ్లాటర్ 2016లో ఒక అర్జెంటీనా పత్రికకే చెప్పాడు. అది నిజమో కాదో పక్కన పెడితే, అన్నీ చేతికి ఒకేలా తగలాలనే భయం మాత్రం అందరికీ ఉంది.

నువ్వు చేయాల్సింది ఇదీ. ఒకే కాగితం, ఒకేసారి స్కేలు పెట్టి కోసిన ముక్కలు. రాసిన ప్రతి చీటీని మడిచే ముందు పైకెత్తి 16 మంది కెప్టెన్లకీ చూపించు. మడవడం వాళ్ల చేతనే చేయించు. చెంబు వద్దు, మూతి చిన్నది, లోపల చెయ్యి కనపడదు. వెడల్పాటి స్టీలు బేసిన్ పెట్టు. ఫోన్ ఒకటి స్టాండు మీద పెట్టి మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా రికార్డు చెయ్యి. క్వార్టర్స్‌లో ఎవరికి ఎవరు పడతారో, ఏ గ్రూపు ఫస్టుకి ఏ గ్రూపు సెకండో, అది డ్రాకి ముందే చార్టు మీద రాసి గోడకి అంటించు. ఒక్క మ్యాచ్ అయ్యాక రాసినా అనుమానమే.

కంచరపాలెం సెవెన్స్:

అన్నీ రాసుకున్నా. జనవరి మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి గ్రౌండ్‌లోనే డ్రా, కెప్టెన్లందరూ రావాలని మెసేజ్ పెట్టేశా. రిఫరీ గారూ, మీరు కూడా వస్తే ధైర్యంగా ఉంటుంది, కుర్చీ వేసి పెడతాం.

ఆ పాప వాళ్లింటికి నిన్న వెళ్లొచ్చాను. ఈసారి ఎలా తీస్తామో వాళ్ల నాన్నకి మొత్తం చెప్పాను, బేసిన్, ఒకే కాగితం, ఫోను. ఆయన ఏమీ అనలేదు, టీ ఇచ్చారు. నేను గేటు దాటుతుంటే పాప వెనకాలే వచ్చి, మొదటి చీటీ నేనే తీస్తానంది.