గేర్ల బండి నేర్చుకుంటున్నాను, ఎత్తులో ఆగితే కదలడం లేదు

మాది నల్గొండ. పెళ్లయినప్పటి నుంచి మావారి బండి వెనుక కూర్చుని తిరగడమే. ఇప్పుడు ఆ 125 సీసీ బండినే నేర్చుకుంటున్నాను. లెర్నర్ లైసెన్సు వచ్చింది, గడువు 6 నెలలు. స్కూటీ కొనుక్కోమని అందరి సలహా. గేర్లు లేని బండి లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు కదా, అందుకే వద్దన్నాను.

తెల్లవారుజామున పానగల్లు చెరువు వైపు సాధన. నేరుగా పోవడం వచ్చింది. చిక్కంతా ఎత్తుదారిలో ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడే. కుడికాలు వెనుక బ్రేకు మీద ఉంచి, ఎడమకాలు నేలకు ఆనించి క్లచ్ మెల్లగా వదులుతాను. బండి వణకడం మొదలవగానే ఎడమచెయ్యి దానంతటదే పట్టు వదిలేస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. ఆ వణుకు దగ్గరే క్లచ్ నిలిపి బ్రేకు వదలాలా, అంతకు ముందే యాక్సిలరేటర్ ఇవ్వాలా? మావారిని అడిగితే "అదే అలవాటవుతుంది" అంటారు, అంతకుమించి నోరు విప్పరు.

ఇంకొకటి. ఇన్నేళ్లూ మలుపుల్లో ఆయన భుజం ఎటు వంగితే నేనూ అటే వంగాను. ఇప్పుడు నా చూపు ముందు చక్రం మీదకే పోతోంది. చూపును మలుపు చివర నిలపడానికి మీరు ఏమి చేశారు? ధాన్యం లారీలు తిరిగే మిర్యాలగూడ రోడ్డు ఎక్కే ముందు ఇంకేం సాధన చేయాలో, ముఖ్యంగా నాలా పొట్టిగా ఉన్నవాళ్లు చెప్పండి.