శిక్ష అయిపోయి ఊరొచ్చేసేడు, ఇక వీణ్ణి చూసుకునేదెవరండి?

లంక_శీను:
నమస్తే అండి. మాది కోనసీమలో ఒక లంక, ఊరి పేరు చెప్పను. స్కూలు పిల్లల్ని ఆటోలో తిప్పే మనిషి ఒకడు పోక్సో కేసులో జైలుకెళ్ళి, శిక్షంతా పూర్తయిపోయి మొన్న కార్తీకమాసంలో రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి వచ్చేసేడు. వాళ్ళమ్మ ముసలావిడ, ఇంట్లోకి రానిచ్చింది, ఏం చేస్తది పాపం. ఇప్పుడు మళ్ళీ ఆటో కొనుక్కుంటాను ఫైనాన్స్‌కి పూచీ ఉండండని మా పెదనాన్న దగ్గరికొచ్చి అరుగు మీద కూర్చుంటన్నాడు. మా చుట్టాలబ్బాయి ఒకడు లండన్‌లో ఉంటాడు, అక్కడైతే ఇలాంటోళ్ళకి ప్రొబేషన్ ఆఫీసరుంటాడు, ప్రతీదీ ఆయన్నడిగే చెయ్యాలి అన్నాడు. మనకి అలాంటిదేమన్నా ఉందా? అసలు వాళ్ళేం చేస్తారు? ఊళ్ళో సగం మంది తరిమేద్దాం అంటన్నారు, సగం మంది శిక్ష పడిపోయింది కదా ఇంకేంటి అంటన్నారు. నాకు రెండూ మింగుడు పడట్లేదు.
(ప్లీడరు గారు చెప్పాక కొన్ని వివరాలు తీసేసేను)

అమలాపురం_ప్లీడరు:
తీసేసినందుకు థాంక్స్ శీను గారూ. ఆ పాప ఏ క్లాసో, ఏ వీధో రాసినా ఎవరో తెలిసిపోద్ది, అది మళ్ళీ ఇంకో నేరం.
మీ ప్రశ్నకి వస్తే, మనకి ప్రొబేషన్ చట్టం 1958 నుంచే ఉందండి. కాకపోతే అది జైలుకి బదులు ఇచ్చేది, జైలు తర్వాత వచ్చేది కాదు. చిన్న నేరం, మొదటి తప్పు అయితే బాండు రాయించుకుని ఆఫీసరు కంటి కింద వదుల్తారు. పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ తగ్గకుండా పడే కేసులకి ఆ మాటే లేదు. నేరం చేసినోడే మైనరైతే వేరే చట్టం. లైంగిక నేరస్తుల జాబితా ఒకటి 2018లో కేంద్రం మొదలెట్టింది, 4 లక్షల పైచిలుకు పేర్లతో, కానీ అది పోలీసులు చూసుకోడానికే, మీకూ నాకూ తెరుచుకోదు. శిక్ష పూర్తిగా అనుభవించి వచ్చినోడికి మన దగ్గర ఆఫీసరంటూ ఎవరూ ఉండరు, అంతే.

ఆకివీడు_అబ్బాయి:
నేను ఇంగ్లండ్‌లో ప్రొబేషన్‌లోనే చేస్తానండి, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ శిక్షలో కొంత జైల్లో, మిగతాది బయట లైసెన్సు మీద గడుస్తది. బయట తిరుగుతున్నా శిక్షలో ఉన్నట్టే, షరతు తప్పితే మళ్ళీ లోపలికి లాగేస్తాం. ఎక్కడ పడుకుంటాడో మేం ఒప్పుకోవాలి, ముప్పు ఎక్కువనుకుంటే ముందు రాత్రి కర్ఫ్యూ ఉండే హాస్టల్లో పెడతాం, బాధితురాలుండే ఏరియాలో అడుగెట్టకూడదు, కొందరికి కాలికి జీపీఎస్ ట్యాగు, ఫోను అడిగినప్పుడు చేతికివ్వాలి, హిస్టరీ చెరిపితే అదే తప్పు కింద లెక్క. కొత్తగా ఎవరితోనన్నా సంబంధం మొదలైతే మాకు చెప్పాలి, పిల్లలున్న ఒంటరి తల్లికి దగ్గరవడం వీళ్ళ పాత ఎత్తు మరి. 2014 నుంచి కొంతమందికి లై డిటెక్టర్ టెస్టు కూడా ఉంది. పోలీసు, జైలు, మేమూ ఒకచోట కూర్చుని తెలిసింది తెలిసినట్టు చెప్పుకుంటాం, దాన్ని మాపా అంటారు. లైసెన్సు అయిపోయినా పోలీసు రిజిస్టరు వదలదు, ఇల్లు మారితే 3 రోజుల్లో స్టేషన్లో చెప్పాలి, 30 నెలలు ఆ పైన పడ్డోళ్ళకి జీవితాంతం, తీసెయ్యమని అడగాలన్నా 15 ఏళ్ళు ఆగాలి.

ఇదంతా వింటే కాపలా ఉద్యోగంలా ఉంటది గానీ అసలు పని అది కాదండి. ఎదురుగా కూర్చోబెట్టి, ఈ మనిషి ఆ తప్పు దాకా ఏ దారిలో నడిచేడో తవ్వుతాం. తాగుడా, ఒంటరితనమా, పిల్లలు చేతికి దొరికే పనా. వయసూ పాత కేసులూ మారవు, పనీ ఇల్లూ మనసూ వారం వారం మారతాయి, మా కన్ను వాటి మీదే. పని పోయిన వారం, ఫోనెత్తని వారం నాకు నిద్ర పట్టదు. క్లాసులు చెప్తే మారిపోతారనీ కాదు. ఇక్కడ జైళ్ళలో ఏళ్ళ తరబడి నడిపిన ట్రీట్‌మెంట్ ప్రోగ్రాం లెక్క 2017లో ప్రభుత్వమే బయటపెట్టింది, అది చేసినోళ్ళలో 10 శాతం మళ్ళీ లైంగిక నేరం చేసేరు, చెయ్యనోళ్ళలో 8 శాతం. దాన్ని తీసేసి వేరేవి తెచ్చేరు.
మీ కేసులో నాకు కనపడేది ఒక్కటే, ఆటో. ఆ పాప వాడికి దొరికింది దానివల్లే. పెదనాన్న గారిని పూచీ ఉండొద్దనండి, కానీ వేరే పనేదన్నా ఇప్పించమనండి.

కాలవగట్టు:
ఇన్ని మర్యాదలెందుకండీ ఆయ్. ఫోటో కొట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి గెంటేస్తే పోలా?

ఆకివీడు_అబ్బాయి:
ఎక్కడికి గెంటుతారండి? అమెరికాలో మయామీ వాళ్ళు 2005లో స్కూళ్ళకి 2,500 అడుగుల లోపు వీళ్ళెవరూ కాపురముండకూడదన్నారు, ఇళ్ళు దొరక్క పదుల మంది వంతెన కింద డేరాలేసుకున్నారు. మీరు గెంటితే ఏ యానాంలోనో తేలతాడు, అక్కడ వాడెవడో ఎవరికీ తెలీదు, ఆటో తోలతాడు.
1994లో కెనడాలో అచ్చం శీను గారి బాధే వచ్చింది, శిక్ష మొత్తం అయిపోయి ఏ ఆఫీసరూ లేకుండా ఒకడు హామిల్టన్ అనే ఊరొచ్చేడు. ఒక పాస్టరు గారు కొంతమందిని కూడగట్టి వాడి చుట్టూ ఉంచేరు, పలకరించేవోళ్ళూ వాళ్ళే, తేడా కనిపిస్తే మొహమ్మీద అడిగేవోళ్ళూ వాళ్ళే. ఇప్పుడు మా ఇంగ్లండ్‌లోనూ అలాంటి బృందాలున్నాయి.

రాజోలు_టీచరమ్మ:
ఫోటో పెట్టి ఈడితో జాగ్రత్త అని పిల్లలకి చెప్తే మిగతా అందరూ మంచోళ్ళే అని నేర్పినట్టు కదండీ. రేప్ కేసుల్లో ఎక్కువ భాగం తెలిసినోళ్ళే అని ఏటా ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు తీసే కేంద్ర సంస్థ) లెక్కల్లో చూస్తానే ఉన్నాం. మా స్కూల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాయించేను.

లంక_శీను:
అందరికీ థాంక్సండి. పెదనాన్న పూచీ ఉండనని మొహమ్మీదే చెప్పేసేరు, మా మేనమామ కొబ్బరి వలుపులో కూలికి పెట్టుకున్నాడు, అక్కడ పిల్లలెవరూ ఉండరు. సాయంత్రం నేనో మామయ్యో టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడతన్నాం, మొదటి రెండ్రోజులు నాకే ఒళ్ళు కంపరంగా ఉంది, దాచుకోడమెందుకు. ఇంకో భయమండి, సంక్రాంతికి వాళ్ళక్క కువైట్ నుంచి ఇద్దరాడపిల్లల్ని తీసుకుని ఆ ఇంటికే వస్తదంట.

ఆకివీడు_అబ్బాయి:
ఆవిడకి కేసు సంగతి మొత్తం తెలుసా?

లంక_శీను:
ఎవరో గిట్టనోళ్ళు ఇరికించేరని వాళ్ళమ్మ చెప్పిందంట.

రాజోలు_టీచరమ్మ:
శీను బాబూ, పండగ దాకా ఆగకు. ఇవాళే మీ అమ్మగారి చేత ఆవిడకి ఫోన్ చేయించు.