టేబుల్‌టాప్ సిమ్యులేటర్‌లో ఆట మళ్లీ తెరిస్తే స్కోరు సున్నా అవుతోంది: వేరియబుల్‌ను ఎలా నిలుపుకోవాలి?

నమస్కారం. నేను సొంతంగా రూపొందించిన ఒక బోర్డు ఆటను, అలాంటి ఆటలను కంప్యూటర్‌లో ఆడించే టేబుల్‌టాప్ సిమ్యులేటర్‌లోకి తెస్తూ, అందుకోసమే లూవా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను.

గ్లోబల్ స్క్రిప్టు (ఆట మొత్తానికి వర్తించే కోడ్) పైభాగంలో 'లోకల్ స్కోరు = 0' అన్న అర్థంలో ఒక వరుస రాశాను; బటన్ నొక్కిన ప్రతిసారీ విలువ ఒకటి పెరుగుతోంది, అంతవరకు బాగానే ఉంది. అయితే ఆటను సేవ్ చేసి మళ్లీ తెరిస్తే, పావులన్నీ వదిలిన గడుల్లోనే కనిపిస్తున్నాయి గాని స్కోరు మాత్రం సున్నాకు వచ్చేస్తోంది. ఆట సేవ్ అయ్యేటప్పుడు నడిచే ఆన్‌సేవ్ ఫంక్షన్‌లో విలువను జేసన్ అనే పాఠ్య రూపంలోకి మార్చి తిరిగి ఇవ్వాలని, ఆట తెరిచేటప్పుడు నడిచే ఆన్‌లోడ్‌లో దాన్ని విప్పి చదువుకోవాలని చదివి అలాగే చేశాను. కానీ మొట్టమొదటిసారి తెరిచినప్పుడు అందే సేవ్ డేటా ఖాళీగా ఉండటం వల్ల కాబోలు, విప్పే వరుస దగ్గరే స్క్రిప్టు ఆగిపోతోంది. ఆ ఖాళీని ముందుగా ఎలా పరీక్షించాలి?

ఇంకొక సందేహం. పాచికకు విడిగా ఉన్న స్క్రిప్టు నుంచి గెట్‌వార్‌తో (మరో స్క్రిప్టులోని వేరియబుల్ విలువను తెచ్చే ఫంక్షన్) స్కోరు అడిగితే నిల్, అంటే విలువ లేదని, వస్తోంది. 'లోకల్' అన్న మాట తీసేయగానే విలువ అందింది (ఈ ఒక్క మాట కోసం రెండు సాయంత్రాలు వెతికాను). అలా తీసేయడం సరైన పద్ధతేనా, లేక స్కోరును తిరిగి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాసి, పాచిక నుంచి దాన్ని పిలవడం మేలా? అనుభవమున్నవారు దయచేసి ఒక చిన్న ఉదాహరణతో వివరించగలరు.