కాలేజీవాళ్ళు సింగపూర్ స్టడీ టూర్ అంటున్నారు, పంపించొచ్చా?

ఎయిర్‌బైపాస్_వాసి:
మా పాప తిరుపతిలోనే బీటెక్ థర్డ్ ఇయర్. వాళ్ళ కాలేజీలో వారం రోజుల సింగపూర్ టూర్ పెట్టినారు, లక్షకు పైనే అవతాది. బ్రోచర్ చూస్తే ఒక పూట యూనివర్సిటీ, మిగతాదంతా సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్, గార్డెన్స్ బై ద బే, ఆఖర్లో సర్టిఫికెట్. పైన మాత్రం కల్చరల్ ఎక్స్‌పోజర్ అని పెద్దక్షరాలు. డబ్బు ఎట్లో సర్దుకుంటా, వారంలో పిల్లలకి వేరే దేశం మనుషులు ఏమన్నా అర్థమవుతారా, ఫోటోలు దిగి వచ్చేస్తారా? పోయొచ్చినోళ్ళు చెప్పండి.

చంద్రగిరి_కుర్రోడు:
అన్నా, నేను ఇట్లాంటి టూర్‌కే పోయినా. బస్సులో మనోళ్ళే, రూములో మనోళ్ళే, రాత్రయితే లిటిల్ ఇండియాలో సాంబారన్నం. ఒక సాయంత్రం ఫ్రీగా వదిలినారు, నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ వాటర్‌లూ స్ట్రీట్‌లో తిరగతా ఉంటే కృష్ణుడి గుడి కనపడింది. గుడి ముందర ఒక చైనీస్ పెద్దావిడ అగరొత్తులు రెండు చేతుల్తో పట్టుకోని కళ్ళు మూసుకోని వంగి వంగి దండం పెడతా ఉంది, మేం నోరు తెరుచుకోని చూస్తా నిలబడిపోయినాం. ఆ పక్కనే వాళ్ళ క్వాన్ ఇమ్ దేవత గుడి ఉంది, అక్కడ మొక్కినోళ్ళు చానామంది ఇక్కడికీ వచ్చి మొక్కిపోతారంట.

దాన్ని చూసి మావాడొకడు ఇక్కడ అన్ని మతాలోళ్ళు ఎంత బాగా కలిసిపోయినారో అని స్టేటస్ పెట్టేసినాడు. మర్నాడు యూనివర్సిటీ క్యాంటీన్లో మాతో తినడానికి కూర్చున్న మలయ్ అమ్మాయి నవ్వింది. అక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిది మంది గవర్నమెంట్ కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు, ఒక్కో బ్లాకులో ఏ జాతోళ్ళు ఎంతమంది ఉండొచ్చో 1989 నుంచి కోటా ఉంది, కోటా నిండితే ఫ్లాట్ అమ్ముకునేదానికి కూడా తిప్పలే అని చెప్పింది. ఆ భోజనం లేకుంటే మావాడి స్టేటస్సే నిజమనుకోని వచ్చేసేవాళ్ళం.

పాఠాలు_చెప్పే_అక్క:
బాబు చెప్పిన ఆ క్యాంటీన్ సంగతే అసలుది. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1954లోనే అన్నాడు, రెండు గుంపులు ఊరికే ఎదురుపడితే అపోహలు పోవు, ఇద్దరూ సమానంగా ఉండాల, ఒకే పనికోసం కలిసి కష్టపడాల, పైవాళ్ళ అండ ఉండాల అని. మన టూర్లలో పిల్లలకి తగిలేదెవరండీ, బస్సు డ్రైవరు, వెయిటరు, షాపులో అమ్మేవాళ్ళు. వాళ్ళతో ఏం సమానం?

ఇంకోటి, కొంతమంది పోకముందు కన్నా గట్టి అభిప్రాయాలతో తిరిగొస్తారు. వాళ్ళకి డిసిప్లిన్ రక్తంలోనే ఉంది, మనోళ్ళు ఇంతే అని. హాకర్ సెంటర్లో, అంటే అక్కడి ఫుడ్ కోర్టులో, తిన్న ట్రే వాళ్ళే తీసి పెట్టేస్తారు, నిజమే, కానీ ఏళ్ళ తరబడి ప్రచారం చేసినా చానామంది వినకపోతేనే 2021లో ఫైన్ దాకా పోయినారు. ఇది తెలియకపోతే పొగడ్త కూడా గుడ్డిదే. నేను పిల్లల్తో పోతే రోజూ రాత్రి ఒకటే అడుగుతా, ఈరోజు ఎవర్ని ఏం అడిగినారు అని. మొదట్రోజు అందరూ తలకాయలు దించుకుంటారు.

అలిపిరి_మామ:
లక్ష పోసి సింగపూర్ ఎందుకబ్బా! మన బస్టాండుకి మరాఠీవాళ్ళు, కన్నడమోళ్ళు, అరవమోళ్ళు రోజూ వస్తానే ఉండారు. మన పిలకాయలు వాళ్ళతో రూము రేటు తప్ప ఇంకో మాట మాట్లాడినారా ఎప్పుడన్నా?

చంద్రగిరి_కుర్రోడు:
మామా, రూము రేటు కూడా మేం మాట్లాడం, ఆటోవాళ్ళే మాట్లాడతారు 😄

చిత్తూరు_ల్యాబ్:
సైన్స్, ఇంజనీరింగ్ పిల్లలకైతే జపాన్ వాళ్ళది సకురా సైన్స్ ఉంది, 2014 నుంచి నడస్తా ఉంది. తక్కువ రోజుల టూరే గానీ ఖర్చు వాళ్ళే పెట్టుకుంటారు, ల్యాబ్‌లో వాళ్ళతో కలిసి పని ఉంటుంది. కాకపోతే స్టూడెంట్ నేరుగా అప్లై చేసేది కాదు, జపాన్‌లో ఏదో ఒక సంస్థ పిలవాల, అందుకే కాలేజీలో అక్కడి ప్రొఫెసర్లతో పరిచయం ఉన్న సారెవరో కనుక్కోండి.

ఎయిర్‌బైపాస్_వాసి:
అందరికీ థ్యాంక్స్. సోమవారం పోయి అడగతా, యూనివర్సల్ స్టూడియోస్ రోజు తీసేసి ఆ యూనివర్సిటీ పిల్లల్తో ఏదన్నా ప్రాజెక్టు పెట్టిస్తారా, ఒక పూట పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా వదుల్తారా అని. కుదరదంటే ఈసారికి వద్దంటా, పాప అలగతాది, అలగనీ. సకురా సంగతి కూడా వాళ్ళ హెచ్‌ఓడీ చెవిన వేస్తా. అన్నట్టు పాపకి పాస్‌పోర్టే లేదు, తిరుపతి సేవా కేంద్రంలో స్లాట్లు ఇప్పుడు తొందరగా దొరకతా ఉండాయా?