ఈజీఎఫ్ ఇచ్చినా ఫాస్ఫో-ఈజీఎఫ్ఆర్ బ్యాండ్ లేదు, ఫాస్ఫో-ఎర్క్ మాత్రం అన్ని లేన్లలోనూ ఒకేలా ఉంది

ప్లేట్ నంబర్ 6:
హీలా కణాలు, 6 వెల్ ప్లేట్. 80 శాతం నిండాక 16 గంటలు సీరం స్టార్వ్ చేశాను (సీరం లేని మీడియంలో ఉంచాను). ఆ మీడియం తీసేసి, మి.లీ.కి 100 నానోగ్రాముల ఈజీఎఫ్ (ఒక గ్రోత్ ఫ్యాక్టర్; ఈజీఎఫ్ఆర్ దాని రిసెప్టర్) కలిపిన కొత్త మీడియం పోసి 0, 5, 15, 30 నిమిషాలు ఉంచాను. తర్వాత ట్రిప్సిన్‌తో కణాలు లేపి, సీరం ఉన్న మీడియంతో ట్రిప్సిన్‌ను ఆపి, స్పిన్ చేసి, పెల్లెట్‌ను రిపా బఫర్‌లో లైస్ చేశాను (కణాలను పగలగొట్టాను). బఫర్‌లో 1 మిల్లీమోలార్ ఆర్థోవనడేట్ (ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్‌లను, అంటే ఫాస్ఫటేజ్‌లను, ఆపేది) ఉంది. వెస్టర్న్ బ్లాట్: లేన్‌కు 30 మైక్రోగ్రాముల ప్రోటీన్, 7.5 శాతం జెల్, వై1068 (ఈజీఎఫ్ఆర్‌లో ఫాస్ఫేట్ ఎక్కే ఒక టైరోసిన్) యాంటీబాడీ. 175 కిలోడాల్టన్ల దగ్గర ఏమీ లేదు. టోటల్ ఈజీఎఫ్ఆర్ బాగానే వచ్చింది. ఫాస్ఫో-ఎర్క్ (ఫాస్ఫేట్ ఎక్కిన ఎర్క్, అంటే ఈజీఎఫ్ఆర్ తర్వాత ఆన్ అయ్యే కైనేజ్; 42/44 కిలోడాల్టన్లు) 0 నిమిషాల లేన్‌లో కూడా గట్టిగా ఉంది. ఈజీఎఫ్ పాడైందంటారా? కొత్త వయల్ తెప్పించాలా?

రిసెప్టర్ పిచ్చి:
వయల్ జోలికి పోకండి. తప్పు ట్రిప్సిన్ దగ్గర ఉంది. ట్రిప్సిన్ పీఏఆర్2 రిసెప్టర్‌ను తట్టి లేపుతుంది, అది ఎర్క్‌ను ఆన్ చేస్తుంది. దాన్ని ఆపడానికి పోసిన సీరంలో గ్రోత్ ఫ్యాక్టర్లు ఉండనే ఉంటాయి. 0 నిమిషాల లేన్‌లో మీరు చూస్తున్నది అదే. ఇక లేపడం, ఆపడం, స్పిన్ కలిపి పావుగంట పడుతుంది. అంతసేపు కణంలోని ఫాస్ఫటేజ్‌లు ఊరుకోవు. లైసిస్ బఫర్‌లోని వనడేట్ అందేసరికి టైరోసిన్ మీది ఫాస్ఫేట్ ఊడిపోయి ఉంటుంది.

అతుక్కున్న కణాలను ప్లేట్‌లోనే లైస్ చేయాలి. టైమ్ అయిన క్షణం ప్లేట్ ఐస్ మీద పెట్టి, మీడియం లాగేసి, 1 మిల్లీమోలార్ వనడేట్ కలిపిన చల్లటి పీబీఎస్‌తో ఒక్కసారి కడగండి. పీబీఎస్ చుక్క మిగలకుండా తీసి, వెల్‌కు 150 మైక్రోలీటర్ల రిపా పోసి స్క్రేపర్‌తో గీకండి. ఐస్ మీద 15 నిమిషాలు, 4 డిగ్రీల దగ్గర 14,000 జీతో మరో 15 నిమిషాలు స్పిన్.

మీడియం మార్చడం కూడా మానండి. ఆ కుదుపుకే ఎర్క్ లేస్తుంది. వెల్‌లో 1.8 మి.లీ. ఉంచి, మి.లీ.కి 1 మైక్రోగ్రాము ఉన్న ఈజీఎఫ్ 200 మైక్రోలీటర్లు అంచు నుంచి మెల్లగా వదలండి. 0 నిమిషాల వెల్‌కు ఈజీఎఫ్ లేని అదే ద్రవం 200. ముందు 30 నిమిషాల వెల్‌కు ఇచ్చి, చివర్లో 0కి ఇస్తే ప్లేట్ మొత్తం ఒకేసారి ఐస్ ఎక్కుతుంది.

టైమ్ పాయింట్లకు 2 నిమిషాలు చేర్చండి. వై1068 మొదటి 5 నిమిషాల్లోనే శిఖరానికి చేరుతుంది. 30 నిమిషాలకల్లా చాలా రిసెప్టర్లు ఎండోసోమ్‌లలోకి (కణం లోపలి సంచుల్లోకి) పోయి ఉంటాయి. ఒక వెల్‌కు గంట ముందు 1 మైక్రోమోలార్ జెఫిటినిబ్ (ఈజీఎఫ్ఆర్‌ను ఆపే మందు) ఇవ్వండి. అప్పటికీ ఎర్క్ తగ్గకపోతే అది ఈజీఎఫ్ఆర్ నుంచి వచ్చిన సిగ్నల్ కాదు. పాజిటివ్ కంట్రోల్‌గా ఏ431 కణాలు, 5 నిమిషాలు. కణానికి పది లక్షలకు పైగా రిసెప్టర్లుంటాయి. వాటిలోనూ బ్యాండ్ రాకపోతే అప్పుడు వయల్‌నో యాంటీబాడీనో అనుమానించండి.

రంగులేని వనడేట్:
పైదంతా సరే. కానీ వనడేట్‌ను యాక్టివేట్ చేశారా? పొడి తూచి నీళ్లలో కలిపేస్తే సగం పని డెకావనడేట్ (పది వనడేట్‌లు కలిసిపోయిన పసుపు రూపం) తినేస్తుంది, టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను ఆపేది విడి ఆర్థోవనడేటే. 10 మి.లీ. నీళ్లలో 0.368 గ్రాములు వేస్తే 200 మిల్లీమోలార్. పీహెచ్ 10కి తెస్తే పసుపు తిరుగుతుంది, రంగు పోయేదాకా మరిగించండి. చల్లార్చి మళ్లీ 10కి తెండి. చల్లారాక కూడా రంగు లేకుండా, పీహెచ్ కదలకుండా ఉండేదాకా ఇదే పని. చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో దాచి, వాడే ముందు మి.లీ. బఫర్‌కు 5 మైక్రోలీటర్లు. లైసిస్ బఫర్‌లో డీటీటీ వద్దు, వనడేట్‌ను రెడ్యూస్ చేసేస్తుంది. ఈడీటీఏ దాన్ని పట్టేసుకుంటుంది, కాబట్టి ఈడీటీఏ లేని ప్రోటియేజ్ ట్యాబ్లెట్ మేలు. ఎర్క్ కూడా చూస్తున్నారు గనుక సోడియం ఫ్లోరైడ్ 10 మిల్లీమోలార్ తప్పనిసరి. సెరిన్, త్రియోనిన్ ఫాస్ఫటేజ్‌ల మీద వనడేట్ పెద్దగా పనిచేయదు.

బ్లాట్ బాబాయి:
బ్లాకింగ్ (మెంబ్రేన్ మీద ఖాళీ చోట్లను కప్పడం) పాలపొడితో చేశారా? కేసిన్ ఫాస్ఫోప్రోటీన్, బ్యాక్‌గ్రౌండ్ అంతా అదే. బీఎస్ఏకి (ఆవు సీరం ఆల్బుమిన్‌కి) మారండి.

రిసెప్టర్ పిచ్చి:
ఆ పాలపొడి నింద కొంచెం ఎక్కువేనండి. 4జీ10 లాంటి, ఏ ఫాస్ఫోటైరోసిన్‌నైనా పట్టే యాంటీబాడీకైతే జాగ్రత్త పడాలి. వై1068 లాంటి ఒకే సైట్ యాంటీబాడీకి పాలతో బ్లాక్ చేసినా, యాంటీబాడీని 5 శాతం బీఎస్ఏలో కలిపితే చాలు. పైగా ఇక్కడ ఇబ్బంది బ్యాక్‌గ్రౌండ్ కాదు, అసలు బ్యాండే లేదు. టోటల్ ఈజీఎఫ్ఆర్ వచ్చిందంటే ట్రాన్స్‌ఫర్ మీదా అనుమానం అక్కర్లేదు.

ప్లేట్ నంబర్ 6:
అర్థమైంది, వనడేట్ నేరుగా కలిపిందే. పాత లైసేట్లు మైనస్ 80లో ఉన్నాయి. వాటికి ఇప్పుడు వనడేట్ కలిపితే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

రంగులేని వనడేట్:
ఉండదు. అది ఉన్న ఫాస్ఫేట్‌ను కాపాడుతుందే గానీ పోయినదాన్ని తేలేదు. ఆ ట్యూబుల్ని టోటల్ ఈజీఎఫ్ఆర్ యాంటీబాడీ డైల్యూషన్ చూసుకోవడానికి వాడుకోండి.